పాత జోకు స్క్రీన్‌షాట్ బయటికొచ్చింది, తమ్ముడి ఉద్యోగం పోతుందా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివానమ్మా. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు మీ తమ్ముడు ఎక్స్‌లో ఒక జోకు పెట్టాడు. "ఇంటి ముందే స్విమ్మింగ్ పూల్, పైనుంచి డ్రోన్‌లో బిర్యానీ. ట్యాక్స్ కట్టేది మేము, ఎంజాయ్‌మెంట్ మీది." అప్పుడు దానికి పదకొండు లైకులు వచ్చాయి. ఇప్పుడెవరో దాన్ని తవ్వితీసి, అతని లింక్డ్‌ఇన్ ఫొటో పక్కన పెట్టి, కంపెనీని ట్యాగ్ చేశారు. నాలుగు వేల షేర్లు దాటింది. సోమవారం పదింటికి రమ్మని హెచ్‌ఆర్ నుంచి పిలుపొచ్చింది. అకౌంట్ డిలీట్ చేయాలా, సారీ చెప్పాలా, వాళ్లు తీసేసేలోపు రాజీనామా ఇచ్చేయాలా, అసలు ఇంత చిన్నదానికి ఉద్యోగం తీసేస్తారా అని అడిగారు.

నేను హైదరాబాద్‌లో ఇరవై రెండేళ్లు హెచ్‌ఆర్‌లో పనిచేశాను. ఇలాంటి సోమవారం మీటింగుల్లో బల్లకి అవతలివైపు కూర్చున్నదాన్ని. ముందు ఆ గదిలో ఏం జరుగుతుందో చెప్తాను.

మా దగ్గర ఒక కుర్రాడు ఉండేవాడు. టెస్టింగ్ టీమ్, నాలుగేళ్ల అనుభవం, రేటింగులు ఎప్పుడూ బాగానే ఉండేవి. ఒక శుక్రవారం రాత్రి, రోడ్డు ప్రమాదం వార్త కింద, చనిపోయినవాళ్ల ఊరి పేరు మీద ఏదో వెటకారం రాశాడు. శనివారానికి అది పాకింది. ఆదివారం సాయంత్రానికి మా కంప్లైంట్ల మెయిల్‌బాక్స్ నిండిపోయింది. సోమవారం పొద్దున్నే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో ఐడీ కార్డు. ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టాడు. మేం మాట్లాడుతున్నంతసేపూ అది వైబ్రేట్ అవుతూనే ఉంది. మోగినప్పుడల్లా ఆ నున్నటి బల్ల మీద కొంచెం కొంచెం జరిగి అంచుకొచ్చేసింది. పడబోతుంటే మా లీగల్ ఆవిడ చెయ్యి చాపి వెనక్కి తోసింది. అతను ఫోన్ వైపు చూడనే లేదు. "మధ్యలో అమ్మ కూడా చేస్తోంది మేడమ్, ఎత్తాలంటే భయంగా ఉంది" అన్నాడు.

ఆ గదిలో మేం ఐదుగురం. అతను రాసింది మొదటి నుంచి చివరిదాకా, కింద వచ్చిన రిప్లైలతో సహా, చదివినవాళ్లు మాలో ఒక్కరూ లేరు. నేనూ చదవలేదు. మా ముందు ఉన్నవి రెండే కాగితాలు. ఒకటి స్క్రీన్‌షాట్ ప్రింటవుట్. రెండోది అమెరికా నుంచి క్లయింట్ పంపిన రెండు లైన్ల మెయిల్: ఈ మనిషి మా ప్రాజెక్టులో ఉన్నాడా, ఉంటే ఏం చేస్తున్నారో ఇవాళే చెప్పండి. అంటే అతను లిఫ్ట్ ఎక్కేటప్పటికే నిర్ణయం అయిపోయింది. నలభై నిమిషాలు మేం తర్జనభర్జన పడింది ఆ నిర్ణయాన్ని ఏ మాటల్లో రాయాలన్న దాని మీదే. కొన్ని నెలల తర్వాత తీరిగ్గా ఆ థ్రెడ్ చూశాను. రాసిన గంటలోపే "తప్పు మాట అన్నాను, సారీ" అని అతనే కింద రాసుకున్నాడు. స్క్రీన్‌షాట్ తీసినవాడు ఆ ముక్క కత్తిరించేశాడు. ముందే చూసుంటే వార్నింగ్ ఇచ్చి వేరే ప్రాజెక్టుకి మారుద్దామని నేను గట్టిగా అడిగేదాన్ని. అడగలేదు.

అందుకే "ఇంత చిన్నదానికి తీసేస్తారా" అన్న మీ ప్రశ్నకి నా జవాబు ఇది: జోకు చిన్నదా పెద్దదా అని అక్కడ ఎవరూ తూచరు. ఆ మనిషిని ఉంచుకుంటే ఎంత నష్టం, తీసేస్తే ఎంత నష్టం అన్నదే చూస్తారు. వినడానికి కటువుగా ఉంటుంది కానీ పెద్ద పేర్ల విషయంలోనూ ఇంతే. 2011 మార్చి 11న జపాన్‌లో సునామీ వచ్చింది. అమెరికన్ కమెడియన్ గిల్బర్ట్ గాట్‌ఫ్రీడ్ దాని మీద వరసగా జోకులు ట్వీట్ చేశాడు. అఫ్లాక్ అనే బీమా కంపెనీ ప్రకటనల్లో బాతుకి గొంతు ఇచ్చేది అతనే. మూడు రోజుల్లో తీసేశారు. ఎందుకంటే ఆ కంపెనీ వ్యాపారంలో దాదాపు ముప్పాతిక వంతు జపాన్‌లోనే. అతని జోకులు మొదట్నుంచీ అలాంటివేనని అందరికీ తెలుసు, ఆ గొంతు పెట్టుకున్నప్పుడు వాళ్లకీ తెలుసు. ఈసారి నవ్వింది వాళ్ల పాలసీదార్లని చూసి, అంతే తేడా.

ఇంకోవైపు డైరెక్టర్ జేమ్స్ గన్‌ని చూడండి. దాదాపు పదేళ్ల నాటి నీచమైన జోకులు బయటికొస్తే 2018 జులైలో డిస్నీ అతన్ని తన సినిమా నుంచి తీసేసింది. 2019 మార్చిలో మళ్లీ పిలిచి అదే సినిమా చేతిలో పెట్టింది. మధ్యలో ఆ ట్వీట్లేం మారలేదు. పోటీ స్టూడియో అతన్ని పెట్టుకుంది, నటులు అతని వైపు నిలబడ్డారు, లెక్క మారింది. మన హార్దిక్ పాండ్య, కె.ఎల్. రాహుల్ సంగతీ అంతే. 2019 జనవరిలో టీవీ షోలో ఆడవాళ్ల గురించి వాగిన వాగుడుకి ఆస్ట్రేలియా టూర్ మధ్యలోంచి ఇంటికి పంపారు. రెండు వారాలకే సస్పెన్షన్ ఎత్తేశారు. తర్వాత క్రికెట్ బోర్డు ఫిర్యాదుల విచారణాధికారి (అంబుడ్స్‌మన్) ఒక్కొక్కరికి 20 లక్షలు జరిమానా వేశారు. ఆ హార్దికే 2024 టీ20 ప్రపంచకప్ ఫైనల్లో ఆఖరి ఓవర్ వేశాడు. అలా బౌలింగ్ వేసేవాళ్లు దేశంలో ఎంతమంది ఉన్నారు? మీ తమ్ముడు చేసే పని చేసేవాళ్లు ప్రాజెక్టు లేక బెంచ్ మీద ఎంతమంది ఉన్నారు? బాధపెట్టడానికి అనట్లేదు. సోమవారం ఆ గదిలోకి వెళ్లేముందు ఈ తేడా తెలిసి ఉండటం మంచిది.

"అప్పుడు పదకొండు మందే చూశారు కదా" అన్నారు. 2013 డిసెంబరు 20న ఒక పీఆర్ ఉద్యోగిని లండన్‌లో విమానం ఎక్కేముందు ఆఫ్రికా, ఎయిడ్స్, తెల్లతోలు కలిపి ఒక జోకు ట్వీట్ చేసింది. ఆమెకున్న ఫాలోయర్లు 170 మంది. కేప్‌టౌన్‌కి పదకొండు గంటల ప్రయాణం, ఫోన్ ఆఫ్. ఆమె దిగేలోపు, ఇంకా దిగలేదా అని అడుగుతూ ప్రపంచమంతా హ్యాష్‌ట్యాగ్ నడిపింది. దిగి ఫోన్ ఆన్ చేసేసరికి ఆమె పేరు ట్రెండింగ్‌లో ఉంది, ఆ వెంటనే ఉద్యోగం పోయింది. ఆ ట్వీట్‌ని మొదట నలుగురి నోట్లో పెట్టింది ఒక వెబ్‌సైట్ జర్నలిస్టు. ఏడాది తిరక్కుండానే అతనే ఒక వెటకారపు ట్వీట్ చేసి తన మీదికి జనాన్ని తెచ్చుకున్నాడు. అప్పుడు ఆమెకి క్షమాపణ చెబుతూ వ్యాసం రాశాడు. ఆమె 2018లో పాత యాజమాన్యం కిందే ఉన్న ఇంకో కంపెనీలో మళ్లీ చేరింది. అంటే తిరిగి రావడం ఉంటుంది, కాకపోతే నాలుగేళ్లు పట్టింది.

ఇక ఈ శని ఆదివారాల్లో చేయాల్సిన పని.

అకౌంట్ డిలీట్ చేయొద్దు. ఇది చాలామంది చేసే తప్పు. ఇలాంటివి పాకినప్పుడు రెండో రోజు నుంచి నకిలీ స్క్రీన్‌షాట్లు పుట్టుకొస్తాయి. కులం పేరుతో ఒకటి, ఏదో పార్టీ నాయకుడి మీద ఒకటి తయారు చేసి అదే పేరుకి అంటిస్తారు. అకౌంటే లేకపోతే అవి తను రాయలేదని చెప్పుకోవడానికి ఆధారం ఉండదు. ముందు ఆ పోస్టు, తేదీ, కింద ఉన్న రిప్లైలు అన్నీ సేవ్ చేయించండి. అకౌంట్ డేటా మొత్తం డౌన్‌లోడ్‌కి రిక్వెస్ట్ పెట్టించండి, అది రావడానికి టైమ్ పడుతుంది కాబట్టి ఇప్పుడే. తర్వాత ఆ ఒక్క పోస్టు తీసేసి, అకౌంట్ ప్రైవేట్‌లో పెట్టాలి. ప్రైవేట్‌లో పెట్టేముందు క్షమాపణ ఒకటి పబ్లిక్‌గా పెట్టి, ఓ రోజు ఉంచండి.

క్షమాపణ గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, మనవాళ్లు తప్పులో కాలేసేది ఇక్కడే. "నా మాటల వల్ల ఎవరి మనోభావాలైనా దెబ్బతిని ఉంటే క్షమించండి." ఈ వాక్యం మన ఆడియో ఫంక్షన్ల తర్వాత ఎన్నిసార్లు విన్నామో. అందులో "ఉంటే" అన్న మాట చూడగానే చదివేవాళ్లకి ఒళ్లు మండుతుంది. దెబ్బతిన్నాయా లేదా అని ఇంకా నీకు అనుమానమా అని. రెండోది, జోకుని వివరించడం. నా ఉద్దేశం ప్రభుత్వాన్ని విమర్శించడమేనండీ, డార్క్ హ్యూమర్ అండీ అని మొదలుపెడితే పని అయిపోయినట్టే, ఆ వివరణకి కొత్త స్క్రీన్‌షాట్ పుడుతుంది. కమెడియన్ కెవిన్ హార్ట్ 2018 డిసెంబరులో ఆస్కార్ వేడుకకి యాంకర్‌గా ఒప్పుకున్నాక అతని పాత ట్వీట్లు బయటపడ్డాయి. క్షమాపణ చెప్పమంటే చెప్పనని వీడియో పెట్టాడు, ఆ వెంటనే తప్పుకుంటూ చెప్పాడు. చెప్పడం ఎలాగూ తప్పలేదు, అవకాశమూ పోయింది. ఇంగ్లండ్ బౌలర్ ఓలీ రాబిన్సన్‌కి 2021 జూన్‌లో లార్డ్స్‌లో తొలి టెస్టు తొలిరోజే పాత ట్వీట్లు బయటికొచ్చాయి. ఆ సాయంత్రమే కెమెరాల ముందుకొచ్చి సిగ్గుపడుతున్నానని చెప్పాడు. సస్పెన్షన్ తప్పలేదు, 3,200 పౌండ్ల జరిమానా తప్పలేదు. కానీ ఆగస్టుకల్లా మన మీద ట్రెంట్ బ్రిడ్జ్‌లో ఐదు వికెట్లు తీస్తున్నాడు.

మీ తమ్ముడు చెప్పాల్సింది షేర్ చేసిన నాలుగు వేల మందికి కాదు, సింగ్ నగర్ వాళ్లకి. ఇలా రాయమనండి: "2024 వరదల్లో సింగ్ నగర్ ప్రజల గురించి నేను రాసిన మాట తప్పు. వాళ్లు నడుంలోతు నీళ్లలో తాగే నీళ్ల కోసం చూస్తుంటే నేను పొడిగా ఉన్న గదిలో కూర్చుని వేళాకోళం చేశాను. ఆ మాట పడ్డ అందరికీ క్షమాపణ చెప్తున్నాను. పోస్టు తీసేశాను." ఇంత చాలు. కంపెనీ పేరు అందులో రాకూడదు. దాని కింద ఎవరేం అన్నా జవాబు ఇవ్వకూడదు, మెచ్చుకున్నా సరే. మీరు కూడా, అక్కగా ఎంత బాధగా ఉన్నా, వేరే అకౌంట్ నుంచి వెనకేసుకు రావద్దు. ఇంటిపేరు పట్టి పది నిమిషాల్లో కనిపెడతారు. వాడి ఫ్రెండ్స్‌కీ ఇదే మాట గట్టిగా చెప్పండి.

చిన్న పక్క మాట. మా పిన్ని కూతురి ఇల్లు సింగ్ నగర్‌లోనే. నాలుగు రోజులు పై వాటా వాళ్లింట్లో ఉన్నారు. దిగి చూస్తే ఫ్రిజ్ వంటింట్లోంచి తేలి హాల్లో బోర్లా పడి ఉందట. పిల్లల టెన్త్ సర్టిఫికెట్లు పాత చీర మీద పరిచి ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టింది. డ్రోన్ పొట్లాలు మూడో రోజు అందాయి, బిర్యానీ కాదు, పులిహోర. మీ ప్రశ్న వచ్చాక పేరు చెప్పకుండా ఆ జోకు చదివి వినిపించాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఉద్యోగం తీసేస్తే నాకేం వస్తుందక్కా, వాణ్ణోసారి మా ఇంటికి పంపు, ఈసారి నీళ్లొచ్చినప్పుడు బురద తోడిస్తా" అంది.

మళ్లీ అసలు విషయానికి. ఆదివారం సాయంత్రంలోపు మేనేజర్‌కీ హెచ్‌ఆర్‌కీ తనే మెయిల్ పెట్టాలి. జరిగింది ఇది, నేను రాసింది నిజమే, ఫలానా తేదీన రాశాను, తీసేశాను, క్షమాపణ ఇదిగో. పోస్టు తేదీ అప్పటికి ఈ కంపెనీలో చేరి ఉన్నాడో లేదో చూడండి. చేరకముందుదైతే ఆ సంగతి తప్పకుండా రాయాలి, చాలా కంపెనీల సోషల్ మీడియా పాలసీ ఉద్యోగంలో ఉన్న కాలానికే మాట్లాడుతుంది. అపాయింట్‌మెంట్ లెటర్ తీసి టెర్మినేషన్ క్లాజు చదవండి. కారణం లేకుండా నోటీసు జీతం ఇచ్చి తీసేయొచ్చని ఉంటే వాళ్లు ఎక్కువగా అదే వాడతారు. మిస్‌కాండక్ట్ అని రాస్తే విచారణ చేయాలి, అది వాళ్లకీ తలనొప్పి.

మీటింగ్‌లో రాజీనామా కాగితం ముందు పెట్టి ఇప్పుడే సంతకం పెట్టమంటారు. ఒక రోజు టైమ్ అడగాలి. అడిగితే ఎక్కువగా ఇస్తారు, నేనూ ఇచ్చాను. ఇంటికొచ్చాక లెక్క వేసుకోండి. నా అభిప్రాయం చెప్పమంటే, నోటీసు జీతం, రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ లెటర్ చేతికిస్తామని మెయిల్‌లో రాసిస్తే రాజీనామానే మేలు. లాయర్లు కొందరు ఒప్పుకోరు, పోరాడమంటారు. పోరాడి గెలిచినవాళ్లూ ఉన్నారు. కానీ ఇరవయ్యేళ్ల కుర్రాళ్లకి ఆ మూడు నాలుగేళ్లు చాలా ఖరీదైనవి. బయటివాళ్లకి తెలియని ఒక మెలిక ఉంది. తర్వాతి కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఫారంలో "మళ్లీ తీసుకుంటారా" అని ఒక గడి ఉంటుంది. అక్కడ మేం "నో" అని టిక్ పెడితే రిలీవింగ్ లెటర్ ఎంత బాగున్నా ఆఫర్ ఆగిపోవచ్చు. ఆ గడిలో ఏం రాస్తారో ముందే అడిగి, మెయిల్‌లో తెప్పించుకోవాలి. ఎవరూ అడగరు కాబట్టి అడిగినవాళ్లకి మేం కాదనేవాళ్లం కాదు.

పోలీసు కేసు టెన్షన్ గురించి. ఐటీ చట్టంలోని 66ఏ కింద లోపలేస్తారని మీకెవరో చెప్పారు. ఆ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2015 మార్చి 24నే కొట్టేసింది. ఇప్పుడు వాడేవి వేరు. మతం, కులం, భాష, నివాసం లాంటి వాటి పేరుతో వర్గాల మధ్య శత్రుత్వం రేపితే భారతీయ న్యాయ సంహిత 196. నివాసం అన్న మాట ఉంది కాబట్టి ఎవరైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు, కానీ వెటకారం వేరు, శత్రుత్వం రెచ్చగొట్టడం వేరు. ఏడేళ్లలోపు శిక్ష పడే కేసుల్లో మామూలుగా ముందు నోటీసు ఇస్తారు, పాత సీఆర్‌పీసీలో 41ఏ నోటీసు, ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 35(3). వస్తే వెళ్లి జవాబివ్వాలి, దాక్కోకూడదు. ఎస్సీ, ఎస్టీలని కించపరిచే మాట అయితే సంగతి వేరు, అట్రాసిటీ చట్టం కింద ముందస్తు బెయిలే కష్టం. పిల్లల మీద అయితే ఇంకా వేరు. 2024 జులైలో ఒక తండ్రీకూతుళ్ల వీడియో మీద లైవ్‌లో అసభ్యంగా జోకులేసిన తెలుగు యూట్యూబర్ గుర్తున్నాడు కదా. నటుడు సాయి ధరమ్ తేజ్ ట్వీట్ చేసిన మూడు రోజుల్లో తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో పోలీసులు బెంగళూరులో పట్టుకున్నారు, పిల్లల మీద లైంగిక నేరాలకి ఉన్న పోక్సో చట్టం కింద కేసు పెట్టారు. మీ తమ్ముడి సంగతిని ఆ రెండింటితో ఒకే గాటన కట్టి భయపడకండి. మీ ఇంటి అడ్రసు, అమ్మగారి నంబరు బయట పెట్టి బెదిరిస్తుంటే మాత్రం మీరే ఫిర్యాదు ఇవ్వాలి, సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో, స్క్రీన్‌షాట్లతో.

ఆన్‌సైట్, అంటే కంపెనీ తరఫున అమెరికా వెళ్లే ఆలోచన ఉందని ఒక మాట రాశారు. 2025 డిసెంబరు నుంచి హెచ్‌1బీ, హెచ్‌4 వీసాలకి అప్లై చేసేవాళ్లు సోషల్ మీడియా అకౌంట్లు పబ్లిక్‌గా పెట్టాలని అమెరికా రూలు తెచ్చింది, స్టూడెంట్ వీసాలకి అంతకు ఆరు నెలల ముందే వచ్చింది. అప్పుడు అకౌంట్ తెరవాల్సి వస్తుంది కాబట్టి ఈలోగా తీరిగ్గా కూర్చుని మొత్తం ఓసారి చదువుకోమనండి. ఈ ఒక్క జోకే ఉందని నేను అనుకోను. ఎవరికైనా ఒక్కటే ఉండదు.

ఆ స్క్రీన్‌షాట్ పెట్టినవాణ్ని కూడా ఉద్యోగంలోంచి తీయిస్తామని మీ మరిది అంటున్నాడన్నారు. దయచేసి ఆపండి. 2013లో అమెరికాలో ఒక టెక్ కాన్ఫరెన్స్‌లో వెనక సీట్లో ఇద్దరు వేసుకున్న ద్వంద్వార్థపు జోకుని ఒకావిడ ఫొటోతో ట్వీట్ చేసింది. వాళ్లలో ఒకడి ఉద్యోగం పోయింది. దానికి కోపమొచ్చిన గుంపు ఆవిడ మీద పడింది, ఆవిడ కంపెనీ సైట్‌ని కూల్చేసింది, ఆ కంపెనీ ఆవిడనీ తీసేసింది. దానివల్ల అతనికి పోయిన ఉద్యోగమేం వెనక్కి రాలేదు.

మా టెస్టింగ్ కుర్రాడికి పద్నాలుగు నెలలు పట్టింది. పుణెలో చిన్న కంపెనీ, జీతం తక్కువ. ఇంటర్వ్యూలో వాళ్లు అడక్కముందే తనే చెప్పాడట. పండక్కి ఇప్పటికీ మెసేజ్ పెడతాడు. సోషల్ మీడియాలో మాత్రం ఎక్కడా లేడు.

సోమవారం తమ్ముడితో పాటు మీరూ ఆఫీసు దాకా వెళ్లండి, కింద కెఫెటేరియాలో కూర్చోండి. పైకి వెళ్లేముందు వాడి ఫోన్ మీరు తీసుకోండి. అమ్మ చేస్తే మీరు ఎత్తండి.